ఎలో అంటే ఫుల్ ఫామ్ లేదండీ, అది ఒక ఫిజిక్స్ మాస్టారి ఇంటిపేరు

మీరు అడిగినవి మూడు. చెస్ ఆటగాడి బలాన్ని అంకెలో చెప్పే ఎలో రేటింగ్ ఉంది కదా, అందులో ఎలో అంటే ఫుల్ ఫామ్ ఏంటి, ఈ లెక్క ఎవరు పెట్టారు అన్నది ఒకటి. పదకొండేళ్ల మీ అబ్బాయి రేటింగ్ ఒక్క టోర్నమెంట్‌తో 1612 నుంచి 1548కి ఎందుకు పడిపోయింది, ఎక్కడైనా తప్పు జరిగిందా అన్నది రెండోది. ఆన్‌లైన్‌లో 1900 ఉన్నవాడికి ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ ఇంత తక్కువేంటి అన్నది మూడోది. నేను ఇరవై ఏళ్లకు పైగా ఆర్బిటర్‌గా, అంటే చెస్ అంపైర్‌గా, టోర్నమెంట్ హాళ్ల చుట్టూ తిరుగుతున్నవాణ్ని, అంతకుముందు ఆడినవాణ్ని కూడా (గొప్పగా ఏం ఆడలేదు, ఆ సంగతి వదిలేయండి). మొదటిదానికి సరిగ్గా జవాబు చెబితే మిగతా రెండూ సగం వాటంతటవే తేలిపోతాయి కాబట్టి అక్కడే మొదలెడతా. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఫుల్ ఫామ్ లేదు. ఇంగ్లీషులో చాలామంది మూడూ పెద్దక్షరాలు పెట్టి రాస్తారు, దాంతో అదేదో సంస్థ పేరుకి పొట్టి రూపం అనిపిస్తుంది. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. అర్పాద్ ఎలో. హంగేరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు పెడతారు కాబట్టి వాళ్లకి ఆయన ఎలో అర్పాద్, మనకి కోనేరు హంపి ఎలాగో అలా. వాళ్ల భాషలో ఆ మాటకి ప్రాణమున్నది, బతికున్నది అని అర్థం, టీవీలో లైవ్ అని వేయాలన్నా అదే మాట వేస్తారు. గేమ్ అయిన మరుక్షణం పిల్లలు ఫోన్ తీసి లైవ్ రేటింగ్ చూసుకుంటుంటే నాకు ఈ సంగతి గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఆయన పుట్టింది 1903 ఆగస్టు 25న, అప్పటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలో ఒక పల్లెలో. 1913లో అమ్మానాన్నలతో అమెరికా వచ్చేశారు. షికాగో విశ్వవిద్యాలయంలో 1925లో డిగ్రీ, 1928లో మాస్టర్స్. ఆలోపే, 1926లోనే, మిల్వాకీ నగరంలోని మార్కెట్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరి, దాదాపు నలభై ఏళ్లు అక్కడే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పేరు చూసి కంగారు పడకండి, ఆ మార్కెట్‌కి మన రైతు బజారుకి సంబంధం లేదు, అది ఒక ఫాదర్ పేరు.

ఉద్యోగం ఫిజిక్స్ అయినా సాయంత్రాలు, సెలవులు చెస్‌వే. విస్కాన్సిన్ రాష్ట్ర ఛాంపియన్‌షిప్ ఎనిమిది సార్లు గెలిచారు. 1939లో అమెరికా చెస్ ఫెడరేషన్ ఏర్పడినప్పుడు దాని వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. అంటే గదిలో కూర్చుని లెక్కలు వేసి ఆటగాళ్ల నెత్తిన రుద్దిన మేధావి కాదు, తను కూడా గడియారం ముందు కూర్చుని గెలిచే గేమ్ పాడు చేసుకున్న మనిషే. ఆయన పద్ధతి బాగుండటానికి నా దృష్టిలో ఇదే పెద్ద కారణం. మనిషి రోజూ ఒకేలా ఆడడని, ఆడేవాడికి ఒకరు చెప్పక్కర్లేదు కదా.

అప్పటికే అమెరికాలో ఒక రేటింగ్ ఉండేది, 1950 నుంచి. కెన్నెత్ హార్క్‌నెస్ అనే నిర్వాహకుడు పెట్టాడు. లెక్క సులువు: టోర్నమెంట్‌లో నువ్వు ఆడిన ప్రత్యర్థుల రేటింగ్‌ల సగటు తీసుకో, సగం పాయింట్లు (గెలిస్తే ఒకటి, డ్రా అయితే అర) సాధిస్తే నీ ప్రదర్శన ఆ సగటుతో సమానం, సగం కన్నా ఎక్కువైన ప్రతి ఒక్క శాతానికీ 10 కలుపు, తగ్గితే 10 తీసెయ్. ఎనిమిదో తరగతి పిల్లాడైనా వేయగలడు. చిక్కెక్కడంటే, 1600 వాడు సగటు 2150 ఉన్న పెద్ద టోర్నమెంట్‌కి వెళ్లి ఒక్క అరపాయింటు కూడా రాకుండా అన్ని గేములూ ఓడిపోయాడనుకోండి, లెక్క ప్రకారం 2150లో 500 తీసేస్తే 1650! అన్నీ ఓడిపోయి వచ్చినవాడి ప్రదర్శన అతని రేటింగ్ కన్నా 50 ఎక్కువ. ఫీజు కట్టి ఓడిపోతే చాలు.

1959లో ఫెడరేషన్ అధ్యక్షుడు జెర్రీ స్పాన్ దీన్ని సరిచేయమని ఒక కమిటీ వేసి ఎలోని పెద్దగా పెట్టాడు. 1960లో కొత్త పద్ధతి అమెరికాలో అమల్లోకి వచ్చింది, 1970లో ఫిడే కూడా తీసుకుంది. ఎలో చేసిన తెలివైన పని ఏంటంటే పాత అంకెల్ని కదిలించలేదు. 2000 అంటే ఎక్స్‌పర్ట్, 2200 అంటే మాస్టర్ అని జనం నోట్లో నానిపోయింది, దాన్ని అలాగే ఉంచి లోపలి ఇంజిన్ మార్చేశారు.

ఆ ఇంజిన్ సంగతి చూద్దాం, మీ అబ్బాయి గొడవ కూడా ఇందులోనే ఉంది. ఎలో దీన్ని ఫిజిక్స్ ల్యాబ్‌లో కొలతని చూసినట్టు చూశారు. ఒక తీగ పొడవు పదిసార్లు కొలిస్తే పది రకాలుగా వస్తుంది, ఏ ఒక్కటీ అసలు పొడవు కాదు, అన్నీ దాని చుట్టూ చెదురుతాయి. ఆటగాడి అసలు బలం కూడా అలాంటిదే, మనకి కనిపించదు. కనిపించేది ఆ రోజు ఆడిన ఆట. అది ఒకరోజు పైన, ఒకరోజు కింద. ఆ చెదురు 200 పాయింట్లు ఉంటుందని ఆయన తీసుకున్నారు. ఇద్దరి మధ్య తేడాని బట్టి ఎవరికి ఎంత వాటా రావాలో పట్టిక వేశారు: 100 తేడా ఉంటే రేటింగ్ ఎక్కువున్నవాడికి 64 శాతం, 200 ఉంటే 76 శాతం, అంటే నాలుగు గేముల్లో మూడు పాయింట్లు, 400 ఉంటే పదింట్లో తొమ్మిదికి కాస్త పైన. తర్వాత అంతా ఒక్క వాక్యం: పాత రేటింగ్, దానికి కలపాల్సింది నీకు వచ్చిన పాయింట్లకి, రావాల్సిన పాయింట్లకి ఉన్న తేడా, దాన్ని రేటింగ్ ఎంత వేగంగా కదలాలో చెప్పే కె అనే అంకెతో గుణించాలి. అంతే. గేముల ఫలితాల నుంచి బలాన్ని లెక్కగట్టాలన్న ఆలోచన ఆయనకే మొదట వచ్చిందనుకోకండి, జర్మన్ గణితవేత్త జెర్మెలో 1929లోనే దీని మీద పేపర్ రాశాడు. అయితే దాన్ని కాగితం, పెన్సిల్‌తో క్లబ్బు సెక్రటరీ కూడా వేసుకునేలా చేసి లోకం మీద నిలబెట్టింది మాత్రం ఎలోనే.

పనిచేస్తుందా అంటే, ఒక ఉదాహరణ నాకు ఇష్టం. 1972లో ఐస్‌లాండ్ రాజధాని రేకియావిక్‌లో అమెరికా ఆటగాడు ఫిషర్, సోవియట్ ఆటగాడు స్పాస్కీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆడారు కదా, ఫిషర్ 2785, స్పాస్కీ 2660. తేడా 125, పట్టికలో 67 శాతం. రెండో గేముకి ఫిషర్ రాలేదు, దాన్ని పక్కన పెడితే బోర్డు మీద జరిగినవి 20. లెక్క ప్రకారం ఫిషర్‌కి 13.4 రావాలి. వచ్చింది 12.5. ఆ మ్యాచ్ చుట్టూ జరిగిన రాజకీయం, కుర్చీల గొడవ, కెమెరాల గొడవ అన్నీ దాటుకుని ఒక్క గేము తేడాలో దిగింది.

అలాగని ఆయన దాన్ని నెత్తిన పెట్టుకోలేదు. ఒకరి రేటింగ్ కొలవడం ఎలాంటిదో ఆయన చెప్పిన పోలిక ఒకటుంది, నేను నా మాటల్లో చెబుతున్నా: కల్లోలంగా ఉన్న నీళ్ల మీద పైకీ కిందకీ ఊగుతున్న బిరడా ఎక్కడుందో, గాలికి ఊగే తాడుకి కట్టిన గజంబద్దతో కొలవడం. కొలిచేదీ ఊగుతోంది, కొలతబద్దా ఊగుతోంది. పద్ధతి కనిపెట్టిన మనిషే ఈ మాట అన్నాడంటే, మనం 64 పాయింట్లకి భోజనం మానేయడం ఏంటండీ.

ఇప్పుడు మీ వాడి సంగతి. మీరు పెట్టిన తొమ్మిది మంది ప్రత్యర్థుల రేటింగులూ పట్టికలో చూసి లెక్క కలిపాను. మీ వాడికి రావాల్సింది 5.1 పాయింట్లు. వచ్చింది 3.5. తేడా 1.6. పద్దెనిమిదేళ్ల లోపు, 2300 కన్నా తక్కువ రేటింగ్ ఉన్న పిల్లలకి ఫిడేలో కె విలువ 40. ఒకటిన్నర పైచిలుకుని నలభైతో గుణిస్తే 64. 1612లో 64 తీసేస్తే 1548. తప్పేమీ జరగలేదు, ఆర్బిటర్ మీద కంప్లయింట్ అక్కర్లేదు (అలాంటి కంప్లయింట్లు నా మీద కూడా వచ్చాయి, అందుకే లెక్క వేసి మరీ చెబుతున్నా).

మరి ఆట పడిపోయిందా? నాణెం తొమ్మిదిసార్లు ఎగరేయండి. నాలుగో ఐదో బొమ్మలు పడాలి. మూడు, అంతకన్నా తక్కువ పడటం ఎంత తరచుగా జరుగుతుందో తెలుసా, నాలుగుసార్లకి ఒకసారి. నాణేనికి ఫామ్ పోలేదు, దానికి టెన్షన్ లేదు, ఇంటి దగ్గర హోమ్‌వర్కూ లేదు. తొమ్మిది గేముల్లో ఒకటిన్నర పాయింటు అటూ ఇటూ అవడం ఆ కోవలోదే. ఒక్క గెలిచే గేములో మంత్రిని వదిలేస్తే 40 పాయింట్లు పోయినట్టే, ఎందుకంటే ఒకటి రావాల్సిన చోట సున్నా వచ్చింది. పిల్లలకి కె ఎక్కువ పెట్టిందే వాళ్లు త్వరగా ఎదుగుతారు, అంకె కూడా వెంట పరిగెత్తాలి అని. ఎక్కేటప్పుడు సంతోషంగా ఎక్కిన మెట్లే ఇవి, దిగేటప్పుడు కొత్తగా ఎత్తు పెరగలేదు.

పెద్దాటగాళ్లకి ఇదే వేరేలా ఉంటుంది. ఒకసారి 2400 దాటితే కె 10 అయిపోతుంది. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు లిస్టులో 2801కి చేరాడు, ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు. అక్కడ బతుకు ఎంత ఇరుకో చూడండి: 2800 వాడు 2650 వాడితో డ్రా చేసుకుంటే రావాల్సింది 0.70, వచ్చింది 0.50, రెండు పాయింట్లు పోయాయి. ఓడలేదు, అయినా పోయాయి. గెలిస్తే వచ్చేది మూడు. మీ వాడు ఒక్క గేములో పోగొట్టుకునే నలభై, అర్జున్ సంపాదించాలంటే అలాంటివి పదమూడు గెలిచినా చాలదు.

పిల్లల దగ్గర నేను భయపడేది రేటింగ్ పడటానికి కాదు, వేరే దానికి. కొన్నేళ్ల క్రితం ఒక రేటింగ్ టోర్నమెంట్‌లో, ఊరు ఎందుకులెండి, పన్నెండేళ్ల అమ్మాయి తనకన్నా వంద ఎక్కువున్న కుర్రాడితో ఆడుతోంది. ఏనుగుల ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ), తనకి ఒక బంటు ఎక్కువ, రాజు కూడా బాగా ముందుకొచ్చి ఉంది. టైమ్ కూడా ఉంది. ఎత్తు వేసి, డ్రా అంది. ఆ కుర్రాడు ఒక్క క్షణం ఆగకుండా చెయ్యి కలిపాడు. బయటికొచ్చాక ఎందుకమ్మా అని అడిగితే, డ్రా అయితే ఐదున్నర పాయింట్లు ఖాయం అని నాన్న చెప్పాడు అంది. ఆ నాన్న లెక్క కరెక్టే, నలభైతో 0.14ని గుణిస్తే 5.6. ఆ బంటుని ఎనిమిదో గడి దాకా నడిపించడం ఎలాగో ఆ అమ్మాయి ఆ రోజు నేర్చుకుని ఉండేది, గెలిస్తే ఇరవై ఐదు పైన వచ్చేవి కూడా. క్యాలిక్యులేటర్ పట్టుకుని హాలు బయట నిలబడే నాన్నల్లో మీరు చేరొద్దని నా మనవి.

మూడో ప్రశ్న, ఆన్‌లైన్ 1900. ఎలో అంకెకి సున్నా అనే చోటు లేదు. ఎత్తు కొలిచేటప్పుడు సముద్రమట్టం అని ఒకటి పెట్టుకుంటాం కదా, ఇక్కడ అలాంటి సముద్రం లేదు. రేపు పొద్దున ప్రపంచంలో అందరికీ 500 కలిపేస్తే ఏమీ మారదు, తేడాలు అలాగే ఉంటాయి. కాబట్టి అంకెకి అర్థం ఎవరితో ఆడి తెచ్చుకున్నావు అన్న దాంట్లోనే. ఆన్‌లైన్ జనం వేరు, గేము వేగం వేరు, మొదలుపెట్టే అంకె వేరు, పైగా చెస్.కామ్, లీచెస్ సైట్లు వాడేవి అచ్చంగా ఎలో పద్ధతి కూడా కాదు, మార్క్ గ్లిక్‌మన్ అనే గణాంకవేత్త తర్వాత చేసిన గ్లికో రకాలు, వాటిలో రేటింగ్‌తో పాటు ఆ రేటింగ్‌ని ఎంత నమ్మొచ్చో కూడా ఒక అంకె ఉంటుంది. ఎలో చెప్పిన బిరడా ఊగుడుని లెక్కలోకి ఎక్కించారన్నమాట.

వేరే జనంతో ఆడితే అంకె ఎలా కొట్టుకుపోతుందో చెప్పే కథ ఒకటి అమెరికాలోనే ఉంది. క్లాడ్ బ్లడ్‌గుడ్ అని వర్జీనియా జైల్లో ఉన్న ఖైదీ, తోటి ఖైదీలతోనే రేటెడ్ గేములు ఆడేవాడు. కొత్తవాళ్లు వస్తారు, వాళ్లలో వాళ్లు ఆడుకుని రేటింగ్ తెచ్చుకుంటారు, ఇతను వాళ్లని ఓడిస్తాడు, మళ్లీ కొత్తవాళ్లు. బయటి గాలి తగలదు. 1996కి అతని అంకె 2700 దాటి అమెరికాలో రెండో స్థానానికి చేరింది. ఎలో అప్పటికి లేరు, ఉంటే ఏమనేవారో. అలాంటిదే ఇంకొకటి తలకిందులుగా జరిగింది: మహిళలు ఎక్కువగా మహిళలతోనే ఆడటం వల్ల వాళ్ల అంకెలు తక్కువగా ఉన్నాయని 1987 జనవరి లిస్టులో, ఆడుతున్న మహిళలందరికీ ఫిడే 100 పాయింట్లు కలిపింది, హంగేరీ క్రీడాకారిణి సుసాన్ పోల్గార్‌కి తప్ప. ఆమె మగవాళ్లతో ఆడి తెచ్చుకుంది కాబట్టి ఆమెకి అక్కర్లేదట. ఆ ఒక్క దెబ్బతో మహిళల్లో ఆమె మొదటి స్థానం పోయింది. వాదన సగం సబబే, చేసిన పద్ధతి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మన పిల్లల విషయంలోనూ కొంత ఇదే. ఏటా వేలమంది కొత్త పిల్లలు తక్కువ అంకెతో చేరి, రేటింగ్ అందుకునే లోపే ఆటలో ఎదిగిపోయి, పెద్దవాళ్ల దగ్గర పాయింట్లు లాక్కుంటారు. అంకెలు మొత్తంగా కిందకి జారతాయి. అందుకే 2024 మార్చిలో ఫిడే 2000 లోపు ఉన్న అందరికీ ఒకసారి సర్దుబాటు చేసింది, 2000కి ఎంత తక్కువో అందులో నలభై శాతం కలిపారు, 1200 వాడు తెల్లారేసరికి 1520 అయ్యాడు, కింది హద్దు 1400కి పెంచారు. కాబట్టి ఆ సర్దుబాటుకి ముందటి పక్కింటి పిల్లాడి అంకెతో మీ వాడి అంకెని పోల్చకండి. అదే లెక్కన ఫిషర్ 2785ని కార్ల్‌సన్ 2882తో పోల్చి కొట్టుకోవడం కూడా వృథా. ఎలో స్వయంగా 1978లో పాత ఆటగాళ్లందరి ఫలితాలూ తవ్వి పుస్తకం రాశారు, కాపబ్లాంకాకి 2725, లాస్కర్‌కి 2720, మోర్ఫీకి 2690 అని వేశారు. చదవడానికి బాగుంటుంది, నేను చాలాసార్లు తిరగేశా. కానీ వాళ్ల కాలంలో ఎవరు ఎవరికన్నా ఎంత ముందున్నారో చెప్పడానికి తప్ప, మోర్ఫీని తెచ్చి ఇప్పటి కుర్రాడి ముందు కూర్చోబెట్టడానికి ఆ అంకెలు పనికిరావు.

ఒక్క విషయం ఈ తరానికి తెలియదు. ఫిడే లిస్టుని చాలా ఏళ్లు ఎలో ఒక్కరే తయారుచేసేవారు, ప్రపంచం నలుమూలల నుంచి టోర్నమెంట్ పట్టికలు ఆయనకి చేరేవి, కాగితం, పెన్సిల్, ఒక హ్యూలెట్ ప్యాకార్డ్ క్యాలిక్యులేటర్ పెట్టుకుని కూడేవారు. మగవాళ్లకైతే 2200 కింద ఫిడే రేటింగే ఉండేది కాదు. తర్వాత నేను ఆడే రోజుల్లో కూడా జనవరికి ఒకటి, జూలైకి ఒకటి, ఏడాదికి రెండే లిస్టులు, ఆర్నెల్లు ఎదురుచూసేవాళ్లం. ఆ మధ్యలో ఏం చేస్తాం, ఆడుకునేవాళ్లం. 1990లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ 2800 తాకడం ఎలో చూశారు. 1992 నవంబరు 5న విస్కాన్సిన్‌లోనే పోయారు. ఇప్పుడు ఫిడే వాళ్లు నెలనెలా లిస్టు వేస్తున్నారు, ఫుట్‌బాల్‌లో ఫిఫా కూడా 2018 నుంచి దేశాల పురుషుల జట్ల ర్యాంకులకి ఆయన లెక్కనే మార్చుకుని వాడుతోంది.

చివరిగా ఒక పని చెబుతా. 1957లో మిల్వాకీలో జరిగిన టోర్నమెంట్‌లో యాభై దాటిన ఈ ఫిజిక్స్ మాస్టారు తెల్ల పావులతో కూర్చుంటే, ఎదురుగా నల్ల పావులతో కూర్చున్నది పద్నాలుగేళ్ల బాబీ ఫిషర్. సిసిలియన్ అనే ఓపెనింగ్ ఆడాడు. మాస్టారు ఓడిపోయారు. ఆ గేము నెట్‌లో దొరుకుతుంది, ఈ ఆదివారం మీ వాడితో బోర్డు మీద పెట్టించి ఒక్కో ఎత్తూ ఆడించండి, ఎలో ఎక్కడ దారి తప్పారో వాణ్నే కనిపెట్టమనండి. ఎత్తులు చెప్పే కంప్యూటర్ ఇంజిన్ మాత్రం ఆన్ చేయొద్దు.